ఫోన్‌లో వస్తుంది, కంప్యూటర్‌లో రాదు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు. ఇంట్లో ఫోన్లలో నెట్ చక్కగా వస్తోంది, టీవీలో సినిమాలు ఆగకుండా నడుస్తున్నాయి, ఒక్క కంప్యూటర్‌లోనే సైట్లు తెరుచుకోవు. వీళ్ళలో చాలామందికి షాపుల్లో చెప్పిన మందు కూడా ఒకటే, ఫార్మాట్ కొట్టేయడం. అది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. ఫార్మాట్‌తో పోయేది విండోస్ ఒక్కటే కాదు, ఏళ్ళ తరబడి దాచుకున్న ఫోటోలు, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి లెక్కల ఫైళ్ళు అన్నీ పోవచ్చు, తీరా చూస్తే అసలు తప్పు సెట్టింగుల్లో ఏదో ఒక గడి దగ్గర ఉంటుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పోయిన నెల నెట్ కనెక్షన్ మార్చాం. అప్పటినుంచి నా డెస్క్‌టాప్‌లో ఏ సైట్ కొట్టినా 'దిస్ సైట్ కాంట్ బి రీచ్డ్' అని వస్తోంది. కొత్త నెట్ వాళ్ళు వచ్చి ఫోన్‌లో చూపించి, మా లైన్ బాగుంది సార్, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది అని వెళ్ళిపోయారు. షాపతను ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. అందులో మా మనవరాలి ఫోటోలన్నీ ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది, కనెక్షన్ మార్చాకే మొదలైంది, మిగతావన్నీ బాగున్నాయి. అయినా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై ఒక్కటే ఉంచి ఏదైనా సైట్ తెరవండి. ఇది చాలామంది మర్చిపోతారు. వైఫైలో నెట్ లేకపోయినా ఫోన్ తనంతట తాను సిమ్ డేటాకి మారిపోతుంది, మనమేమో లైన్ బాగుందనుకుంటాం. డేటా ఆపినా సైట్ వస్తోందంటే లైన్, రౌటర్ రెండూ బాగున్నట్టే. కంప్యూటర్‌లో క్రోమ్ వాడుతుంటే ఒకసారి ఎడ్జ్‌లో కూడా చూడండి. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే తప్పు ఆ బ్రౌజర్‌ది, రెండింట్లోనూ రాకపోతే విండోస్ సెట్టింగులు చూడాల్సిందే.

ఇప్పుడు ఆ మెసేజ్ పేజీని కింది దాకా చదవండి. పెద్ద అక్షరాల మాటతో కారణం తేలదు, దాని కింద బూడిద రంగులో చిన్నగా ఉండే లైనే మనకు పనికొచ్చేది. అది డీఎన్‌ఎస్ అన్న మూడక్షరాలతో మొదలైతే సైట్ పేరు దగ్గరే పని ఆగిపోయిందని, టైమ్‌డ్ అవుట్ అని ఉంటే అడిగాం గానీ అవతలి నుంచి జవాబు రాలేదని, ప్రాక్సీ అన్న మాట ఉంటే మధ్యలో ఎవరో అడ్డం ఉన్నారని, సెర్ట్ అన్న మాట ఉంటే సైట్ గుర్తింపు పత్రం దగ్గర పేచీ వచ్చిందని. మీరు పంపిన ఫోటోలో 'డీఎన్‌ఎస్ ప్రోబ్ ఫినిష్డ్' అని స్పష్టంగా ఉంది.

డీఎన్‌ఎస్ అంటే మన ఫోన్‌లో కాంటాక్ట్స్ లాంటిది. మనం పేరు నొక్కుతాం, లోపల నంబరుకి కాల్ వెళ్తుంది. సైట్‌కి కూడా అసలు చిరునామా అంకెలే, పేరు చెప్తే అంకెలు ఇచ్చే సర్వర్లు వేరే ఉంటాయి. ఆ సర్వర్ జవాబు చెప్పకపోతే లైన్ ఎంత బాగున్నా ఏ సైటూ రాదు. ఇది తేల్చుకోవడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిష్‌లో సీఎండీ అని కొట్టండి. నల్ల కిటికీ వస్తుంది. అందులో పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కండి. 'రిప్లై ఫ్రమ్' అంటూ నాలుగు లైన్లు వస్తే మీ కంప్యూటర్ నుంచి బయటికి దారి ఉన్నట్టే. తర్వాత అంకెల బదులు గూగుల్ డాట్ కామ్ అని రాసి మళ్ళీ చూడండి. అంకెలకు జవాబిచ్చి, పేరుకి 'కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్' అంటే ఇక అనుమానం అక్కర్లేదు, తప్పు డీఎన్‌ఎస్‌దే.

ఒక్క మీ డెస్క్‌టాప్‌లోనే ఎందుకంటారా? చాలా ఇళ్ళలో జరిగేదే మీ ఇంట్లోనూ జరిగి ఉంటుంది. పాత కనెక్షన్ పెట్టిన రోజుల్లో ఎవరో ఆ కంపెనీ డీఎన్‌ఎస్ అంకెల్ని కంప్యూటర్‌లో చేత్తో రాసిపెట్టి ఉంటారు. చాలా నెట్ కంపెనీల సర్వర్లు తమ కస్టమర్లకు తప్ప బయటివాళ్ళకు జవాబివ్వవు. ఫోన్లు, టీవీ ఆ అంకెల్ని కొత్త రౌటర్ నుంచి తమంతట తాము తీసుకుంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది రాలేదు. మీ డెస్క్‌టాప్ మాత్రం ఇంకా పాత కంపెనీనే అడుగుతూ కూర్చుంది.

మార్చడం తేలిక. మళ్ళీ విండోస్ కీ, ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ.సీపీఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఈథర్‌నెట్, అంటే వైరుతో వచ్చే నెట్, బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద రెండుసార్లు నొక్కండి. కింది భాగంలో డీఎన్‌ఎస్ అంకెలు రాసి ఉంటే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకుని, 'ఆటోమేటిక్‌గా' తీసుకోమనే పై గడిని ఎంచుకుని ఓకే కొట్టండి. తర్వాత నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్, ఫ్లష్‌డీఎన్‌ఎస్ అని కొడితే పాత జవాబులు కూడా చెరిగిపోతాయి. ఆటోమేటిక్‌లో పెట్టినా రాకపోతే అదే చోట 8.8.8.8, దాని కింద 1.1.1.1 రాయండి. మొదటిది 2009 నుంచి గూగుల్, రెండోది 2018 నుంచి క్లౌడ్‌ఫ్లేర్ అందరికీ ఉచితంగా నడుపుతున్నవి.

ఒక మాట చెప్పాలి. ఆ గడిలో ఉన్న అంకెలు మీరుగానీ మీ పాత నెట్ వాళ్ళుగానీ పెట్టినవి కాదని గట్టిగా అనిపిస్తే వైరస్ స్కాన్ చేయించండి. డీఎన్‌ఎస్ ఛేంజర్ అని ఒక వైరస్ సరిగ్గా ఈ పనే చేసేది, ఈ అంకెల్ని మార్చి జనాన్ని తన సర్వర్ల వైపు తిప్పుకునేది. వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లకు అది సోకింది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ఎస్టోనియా ముఠాను పట్టుకున్నాక, సర్వర్లు ఒక్కసారిగా ఆపితే అంతమందికీ నెట్ పోతుందని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి కొన్నాళ్ళు నడిపారు. 2012 జులై 9న వాటిని ఆపేశారు. అప్పటికీ సెట్టింగ్ మార్చుకోని కంప్యూటర్లకు మీకు ఇప్పుడు వచ్చిన ఇబ్బందే వచ్చింది.

ప్రశ్న: మా లాప్‌టాప్‌లో గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ బాగా వస్తాయి. వేరే సైట్లు చాలావరకు గుండ్రంగా తిరిగి తిరిగి చివరికి టైమ్‌డ్ అవుట్ అంటాయి. నెట్ ఉన్నట్టా లేనట్టా? ఫోన్లో అన్నీ వస్తున్నాయి.
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: సగం ఉన్నట్టమ్మా. మీరు గమనించిన తేడా చాలా విలువైనది, ఇది చెప్తే తెలిసినవాడు వెంటనే పట్టుకోగలడు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో రెండు రకాల చిరునామాలు నడుస్తున్నాయి. పాతది ఐపీవీ4, అందులో మొత్తం చిరునామాలే సుమారు 429 కోట్లు, ప్రపంచానికి అవి చాలలేదు. అందుకని వచ్చింది ఐపీవీ6. మన దేశంలో పెద్ద నెట్ కంపెనీలు రెండూ ఇస్తున్నాయి. గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ కొత్త దారిలో కూడా పలుకుతాయి, ఇంకా పాత దారి మీదే ఉన్న సైట్లు లెక్కలేనన్ని. మీ లాప్‌టాప్‌లో పాత దారి తెగిపోయి, కొత్తది పని చేస్తోందని నా అంచనా.

నల్ల కిటికీలో, పై జవాబులో చెప్పినట్టే తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న లైన్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ నుంచి చిరునామా అందలేదు, లాప్‌టాప్ తనే ఒకటి పెట్టుకుందని అర్థం. అలా కాక 192.168.0 అని ఉండి, ఫోన్‌లో వైఫై వివరాల్లో 192.168.1 అని కనిపిస్తే, లాప్‌టాప్‌లో ఎప్పుడో చేత్తో పెట్టిన పాత చిరునామా మిగిలిపోయింది. రెండింటికీ మొదటి మందు ఒకటే. ఎన్‌సీపీఏ.సీపీఎల్‌లో వైఫై బొమ్మ ప్రాపర్టీస్‌కి వెళ్ళి, వెర్షన్ 4లో పైన చిరునామా భాగం, కింద డీఎన్‌ఎస్ భాగం రెండూ ఆటోమేటిక్‌లో పెట్టండి. 169.254 అప్పటికీ వదలకపోతే నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌షెల్ కమాండ్, అంటే ఎన్ఈటీఎస్‌హెచ్, ఖాళీ, ఐఎన్‌టీ, ఖాళీ, ఐపీ, ఖాళీ, రీసెట్ అని కొట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: వేసవి సెలవులకి ఊరెళ్ళి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే ప్రతి సైట్‌కీ, ఆఖరికి గూగుల్‌కి కూడా 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని ఎర్ర గుర్తు వస్తోంది. ఎవరైనా హ్యాక్ చేశారా? బ్యాంకు ఖాతా గురించి చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కంగారు పడకండి, ముందు స్క్రీన్ కింద కుడి మూలన తేదీ చూడండి. రోజు, నెల మాత్రమే కాదు, సంవత్సరం కూడా చూడండి. ఏ పదేళ్ళ కిందటి తేదీయో కనిపిస్తే హ్యాకింగ్ ఏమీ లేదు.

ప్రతి సురక్షితమైన సైట్ దగ్గరా ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. బ్రౌజర్ ఆ తేదీల్ని మీ కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. గడియారం వెనక్కి పోతే ఇంకా మొదలే కాని సర్టిఫికెట్ అని తిప్పి కొడుతుంది. ఒకప్పుడు ఈ గడువు ఏళ్ళ తరబడి ఉండేది. 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించి ఇవ్వకూడదన్నారు, 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులే, 2029కి 47 రోజులకు దించుతామని నిర్ణయించారు. అంటే గడియారం కొద్ది నెలలు తప్పినా సైట్లు రాని రోజులొస్తున్నాయి. కాబట్టి ఈ తేదీ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

డెస్క్‌టాప్ లోపల మదర్‌బోర్డు మీద గుండ్రటి సన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని, 3 వోల్ట్స్ అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌కి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పని అయిపోగానే గోడ దగ్గర స్విచ్ ఆపేయడం మన ఇళ్ళలో అలవాటు, మంచి అలవాటే, కాకపోతే అప్పుడు భారమంతా ఆ చిన్న బ్యాటరీ మీదే పడుతుంది. కొన్నేళ్ళు వాడాక, సెలవుల్లో వారాల పాటు ఆపి ఉంచితే అది చచ్చిపోతుంది.

ఇప్పటికి తేదీ, టైమ్ చేత్తో సరిచేసి, సెట్టింగుల్లో డేట్ అండ్ టైమ్ దగ్గర సింక్ నౌ నొక్కండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న దాంట్లోనే ఉందో లేదో చూసుకోండి. బ్రౌజర్ మూసి తెరిస్తే సైట్లు వచ్చేస్తాయి. మర్నాడు ఆన్ చేసినప్పుడు తేదీ మళ్ళీ వెనక్కి పోతే బ్యాటరీ మార్చాలి. గడియారాల షాపులో కూడా దొరుకుతుంది, ఖరీదు తక్కువే. ప్లగ్ పూర్తిగా పీకి, డబ్బా పక్క తలుపు తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టడమే.

తేదీ సరిగ్గానే ఉండి కూడా ప్రతి సైట్‌కీ ఇదే వస్తుంటే మాత్రం వేరే సంగతి. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ మధ్యలో దూరి సైట్లను తనిఖీ చేసేటప్పుడు ఇలా అవుతుంది, దాన్ని కాసేపు ఆపి చూడండి. ఏది ఏమైనా ఎర్ర గుర్తు పేజీలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకు వెళ్ళిపోయే అలవాటు చేసుకోవద్దు. బ్యాంకు సైట్‌కి అసలే వద్దు.

ప్రశ్న: ఇంట్లోనే పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఇన్నాళ్ళూ క్రాక్ చేసిన ఫోటోషాప్ వాడాను. ఈమధ్యే డబ్బు కట్టి ఒరిజినల్ తీసుకున్నాను. విచిత్రం ఏమిటంటే ఆ కంప్యూటర్‌లో అన్ని సైట్లూ వస్తాయి, అడోబీ లాగిన్ మాత్రం రాదు. మా ఆవిడ లాప్‌టాప్‌లో వస్తోంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసినా అంతే.
— ఒక డిజైనర్, రాజమహేంద్రవరం

జవాబు: ఒరిజినల్ తీసుకున్నందుకు సంతోషం. పాత క్రాక్ వెళ్ళిపోయింది గానీ అది చేసిన పని ఒకటి మిగిలిపోయింది. క్రాక్ వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తన కంపెనీని అడగకుండా ఉండాలని, ఆ కంపెనీ సర్వర్ల పేర్లన్నీ హోస్ట్స్ అనే ఫైల్లో రాసి, వాటికి ఎదురుగా 127.0.0.1 అని పెడతారు. అది ఏ కంప్యూటర్‌కైనా తన సొంత చిరునామా. అంటే అడోబీ కోసం వెళ్ళిన ప్రతిసారీ మీ కంప్యూటర్ తన తలుపే తను కొట్టుకుంటోంది.

ఈ ఫైల్ వెనక ఒక చరిత్ర ఉంది. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ రోజుల్లో కంప్యూటర్ల పేర్లు, అంకెలు అన్నీ ఒకే ఫైల్లో రాసి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంచేవారు. ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం దాన్ని చూసుకునేది, మిగతావాళ్ళు దాన్ని కాపీ చేసుకునేవారు. కంప్యూటర్లు పెరిగే కొద్దీ ఆ పద్ధతి సాగలేదు, 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ని రూపొందించాడు. అయినా ఆ ఫైల్ మాత్రం ప్రతి విండోస్‌లో ఇప్పటికీ ఉంది, డీఎన్‌ఎస్‌ని అడిగే ముందు విండోస్ దాన్నే చూస్తుంది.

స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ అని వెతికి, రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనండి. ఫైల్, ఓపెన్ నొక్కి సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్ దాకా వెళ్ళండి. ఏమీ కనిపించకపోతే కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకోండి, హోస్ట్స్ కనిపిస్తుంది. దాన్ని ముందు డెస్క్‌టాప్ మీదికి ఒక కాపీ తీసి పెట్టుకోండి. లోపల # గుర్తుతో మొదలయ్యే లైన్లు ఉత్త వివరణలు, వాటి జోలికి పోనక్కర్లేదు. అడోబీ పేరున్న లైన్లన్నీ చెరిపేసి సేవ్ చేయండి. క్రాక్‌లు విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా ఇలాంటి అడ్డు పెడుతుంటాయి, అవుట్‌బౌండ్ రూల్స్‌లో ఫోటోషాప్ పేరుతో బ్లాక్ చేసినవి ఉంటే వాటినీ తీసేయండి. ఆపైన ఒక పూర్తి వైరస్ స్కాన్ తప్పనిసరి, క్రాక్‌తో పాటు ఇంకేం వచ్చాయో మనకి తెలియదు కదా.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. ఒక ఫ్రీ వీపీఎన్, అంటే మన నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్, వేసి, నచ్చక తీసేశాను. అప్పటినుంచి ఏ బ్రౌజర్‌లోనూ సైట్లు రావట్లేదు, ప్రాక్సీ సర్వర్‌లో లోపం అంటోంది. ఆన్‌లైన్ గేమ్ మాత్రం ఆడగలుగుతున్నాను.
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: గేమ్ వస్తోందంటే నెట్ ఉంది, బ్రౌజర్ల దారి మాత్రం మళ్ళించి ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ తెరువు. 'యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్' ఆన్‌లో ఉండి 127.0.0.1 అని కనిపిస్తుంది చూడు, ఆ వీపీఎన్ పోతూ పోతూ దాన్ని వెనక్కి పెట్టలేదు. ఆఫ్ చెయ్. సరిపోకపోతే నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎన్ఈటీఎస్‌హెచ్, ఖాళీ, విన్‌సాక్, ఖాళీ, రీసెట్ అని కొట్టి రీస్టార్ట్ చెయ్. రీస్టార్ట్ అయ్యాక ప్రాక్సీ మళ్ళీ దానంతట అదే ఆన్ అవుతుంటే లోపల ఏదో ఇంకా కూర్చుని ఉంది. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు, కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి విండోస్ లేవకముందే వెతుకుతుంది. ఒక మాట తమ్ముడూ, ఉచిత వీపీఎన్ అంటే నీ నెట్ మొత్తం ఎవరో తెలియనివాళ్ళ చేతిలోంచి వెళ్ళడమే. ఎవరు నడుపుతున్నారో తెలియకుండా వేయొద్దు.

ప్రశ్న: ఇంటినుంచి పని చేస్తాను. ఆఫీసు లాప్‌టాప్‌లో మన ప్రభుత్వ సైట్లు కొన్ని అస్సలు తెరుచుకోవు, మిగతావి బాగానే వస్తాయి.
— ఒక ఉద్యోగి, మియాపూర్

జవాబు: ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే మీరు మియాపూర్‌లో కూర్చున్నా, సైట్‌కి మీరు అమెరికా నుంచో సింగపూర్ నుంచో వస్తున్నట్టు కనిపించవచ్చు. విదేశాల నుంచి వచ్చేవాళ్ళని రానివ్వని ప్రభుత్వ సైట్లు మనకి కొన్ని ఉన్నాయి. అక్కడున్న మనవాళ్ళు ఊళ్ళో భూమి కాగితాలు చూసుకోబోయి ఇబ్బంది పడేది కూడా దీనివల్లే. ఆ పని ఫోన్‌లోనో సొంత కంప్యూటర్‌లోనో చేసుకోండి. ఆఫీసు మెషిన్ సెట్టింగులు మీరు ముట్టుకోవద్దు, మీ ఐటీ హెల్ప్‌డెస్క్‌కి చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో డీటీపీ చేస్తాను. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కోసం విండోస్ 7 కంప్యూటర్ అలాగే ఉంచుకున్నాను. రోజురోజుకీ సైట్లు తెరుచుకోవడం తగ్గిపోతోంది. కొన్ని వంకరగా వస్తాయి, కొన్ని అసలు రావు.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇది రిపేరు చేస్తే పోయేది కాదండీ. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సాధారణ అప్‌డేట్లు ఆపేసింది. దాని మీద నడిచే ఆఖరి క్రోమ్ 109, 2023 జనవరిలో వచ్చింది. సైట్లు మాత్రం ఆ తర్వాత కూడా మారుతూనే ఉన్నాయి. దానికి తోడు 2021 సెప్టెంబరు 30న, లక్షలాది సైట్లు ఆధారపడిన ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, అప్‌డేట్లు అందని పాత కంప్యూటర్లలో ఆ రోజునుంచే చాలా సైట్లు ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్ళు 115 ఈఎస్ఆర్ అనే రకాన్ని పాత విండోస్‌ల కోసం మరికొంత కాలం కొనసాగించారు. అది తన సర్టిఫికెట్ల జాబితా తనే తెచ్చుకుంటుంది కాబట్టి కొన్నాళ్ళు గడుస్తుంది.

నా సలహా మాత్రం వేరు. మీ అన్నం పెట్టే మెషిన్ అది, దాన్ని డీటీపీకే ఉంచి నెట్ తీసేయండి. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇటు నుంచి అటు మార్చుకోండి, పెన్‌డ్రైవ్‌ని ప్రతిసారీ స్కాన్ చేసి మరీ. మెయిల్‌కి, బ్యాంకుకి ఫోన్ వాడండి, లేదా ఇంట్లో ఇంకో పాత కంప్యూటర్ ఉంటే లినక్స్ మింట్ వేసుకోండి, ఉచితం, 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది. విండోస్ 10 వాళ్ళు కూడా కొందరు ఇదే భయంతో రాశారు. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి నిజమే, కానీ క్రోమ్, ఎడ్జ్ దానికి కొత్త వెర్షన్లు ఇస్తూనే ఉన్నాయి. మీకు సైట్లు రాకపోవడానికి కారణం అది కాదు, పై జవాబుల్లో వెతకండి.

ప్రశ్న: రాత్రి తొమ్మిది దాటితే మా కంప్యూటర్‌లో ఒక్క సైటూ రాదు, పొద్దున్నే మామూలుగా వస్తాయి. ఫోన్లకి ఏ ఇబ్బందీ లేదు. కస్టమర్ కేర్ నంబర్ ఫోన్‌లో వెతికి కాల్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫోన్‌లో ఎనీడెస్క్ వేయమంటే వేశాను, తొమ్మిది అంకెలు చెప్పమంటే చెప్పాను. సర్వీస్ చార్జీ ఐదు రూపాయలే, యూపీఐలో కట్టమన్నాడు. అప్పుడు అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశాను. నాకేమైనా ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: సమయానికి ఆగారమ్మా, చాలా మంచి పని చేశారు. అతను నెట్ కంపెనీ మనిషి కాదు. వెతికితే పైన కనిపించే నంబర్లలో ఇలాంటి దొంగ నంబర్లు ఎన్నో ఉంటాయి. ఆ తొమ్మిది అంకెలు చెప్పి, వచ్చిన అనుమతి నొక్కితే మీ స్క్రీన్ మొత్తం అవతలివాడికి కనిపిస్తుంది. ఐదు రూపాయలు కట్టించేది ఆ ఐదు కోసం కాదు, మీరు పిన్ కొడుతుంటే చూడటానికి.

ఇప్పటికీ ఆ యాప్ ఫోన్‌లో ఉంటే వెంటనే తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకు పాస్‌బుక్‌లోనో కార్డు వెనకో ఉన్న నంబరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఖాతాలోంచి ఒక్క రూపాయి పోయినట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎంత త్వరగా చెప్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నెట్ కంపెనీ నంబర్ కావాలంటే బిల్లు మీద, రౌటర్ డబ్బా మీద, వాళ్ళ సొంత యాప్‌లో ఉన్నదే తీసుకోండి.

ఇక మీ అసలు సమస్య. సరిగ్గా తొమ్మిదికి ఆగి పొద్దున్నే వచ్చే లోపం లోపం కాదు, ఎవరో పెట్టిన టైమ్. మీ అమ్మాయి ఇంటర్ చదువుతోందని ఉత్తరం చివర్లో రాశారు. మీ వారుగానీ, నెట్ పెట్టిన అబ్బాయితో చెప్పించిగానీ, రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్ పెట్టించి ఉంటారు, ఇంట్లో ఒకసారి అడగండి. కంప్యూటర్ పని చేస్తున్న పగటిపూట బ్రౌజర్ పైన 192.168.1.1 అని కొట్టండి, తెరుచుకోకపోతే రౌటర్ కింద అంటించిన చీటీ మీద ఉన్న అంకెలు కొట్టండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా ఆ చీటీ మీదే ఉంటాయి. లోపల పేరెంటల్ కంట్రోల్ లేదా యాక్సెస్ కంట్రోల్ అన్న చోట మీ కంప్యూటర్ పేరు, దాని పక్కన టైమ్ కనిపిస్తాయి. తీసేయాలా, పరీక్షలయ్యే దాకా ఉంచాలా అన్నది మీరూ మీ వారూ అమ్మాయితో కూడా మాట్లాడి నిర్ణయించుకోండి.